చెట్టుకు ఏడేళ్లు.. ధరకు నెల రోజులు!

బ్రెజిల్‌ గుజ్జు, చైనా మిల్లు.. ఆ బేరం నీడ మన సుబాబుల్‌ తోట దాకా

ఒంగోలు: సుబాబుల్‌ కర్ర నింపుకున్న ట్రాక్టరు కాటా ఎక్కినప్పుడు రైతుకు బరువు ఎంత తూగుతుందో ముందే ఒక అంచనా ఉంటుంది. టన్నుకు ఎంత చేతికొస్తుందన్నదే తెలియదు. మొక్క నాటిన నాటి ధర, చెట్టు నరికే నాటికి ఉండదు. ధర పడిపోయినప్పుడు మిల్లునో, దళారినో, మార్కెట్‌ కమిటీనో తప్పుపట్టడం పరిపాటి. వారి పాత్ర లేదని కాదు. అయితే ప్రపంచ కాగితపు వ్యాపారానికి గాలివాటం చూపే పెద్ద బేరం ఒకటి వేల కిలోమీటర్ల అవతల నడుస్తోంది. అమ్మేది బ్రెజిల్‌, కొనేది చైనా. సరకు కలప గుజ్జు. ఈ బేరం గుట్టు తెలిస్తే మన కాటా దగ్గర జరిగే సంగతులు కొన్నయినా అర్థమవుతాయి.

ప్రపంచంలో కలప గుజ్జును అత్యధికంగా ఎగుమతి చేసే దేశం బ్రెజిల్‌. అత్యధికంగా దిగుమతి చేసుకునే దేశం చైనా. 2023లో బ్రెజిల్‌ దాదాపు 2.4 కోట్ల టన్నుల గుజ్జు తయారుచేసి, అందులో సుమారు 1.8 కోట్ల టన్నులను విదేశాలకు అమ్మింది. ఆ రాబడిలో సగానికి కాస్త తక్కువ ఒక్క చైనా నుంచే వచ్చింది. అదే ఏడాది చైనా అన్ని రకాలూ కలిపి వివిధ దేశాల నుంచి 3.6 కోట్ల టన్నులకు పైగా గుజ్జు కొన్నది.

గుజ్జు అంటే..

కాగితం నేరుగా చెట్టు నుంచి రాదు. బెరడు తీసిన కర్రను ముందు చిన్న చిన్న ముక్కలుగా కొడతారు. కాస్టిక్‌ సోడా, సోడియం సల్ఫైడ్‌ కలిపిన ద్రావణంలో ఆ ముక్కలను అధిక పీడనం మీద ఉడికిస్తారు. కర్రలోని పీచును పట్టి ఉంచే లిగ్నిన్‌ అనే జిగురు పదార్థం కరిగిపోయి పీచు విడివడుతుంది. దాన్ని కడిగి, తెల్లబరచి, దళసరి అట్టల్లా ఆరబెట్టి, బేళ్లు కడతారు. కరిగిన జిగురుతో కూడిన నల్లని ద్రావణాన్ని మిల్లులోనే మండించి ఆవిరి, విద్యుత్తు పుట్టిస్తారు. పెద్ద మిల్లులు తమ అవసరాలు తీరగా మిగిలిన విద్యుత్తును బయటకు అమ్ముకుంటాయి. టన్ను గుజ్జు కావాలంటే నాలుగు టన్నుల వరకు పచ్చి కర్ర కావాలి.

గుజ్జులో ప్రధానంగా రెండు రకాలున్నాయి. చలిదేశాల పైన్‌, స్ప్రూస్‌ చెట్ల నుంచి వచ్చేది పొడుగు పీచు. ఇది కాగితానికి గట్టిదనం ఇస్తుంది. జామాయిల్‌ వంటి చెట్ల నుంచి వచ్చేది పొట్టి పీచు. ఇది మెత్తదనాన్ని, నునుపును ఇస్తుంది. రాత కాగితం, అచ్చు కాగితం, చేతులు తుడుచుకునే టిష్యూ కాగితాలకు పొట్టి పీచే ఆధారం. బ్రెజిల్‌ నుంచి చైనాకు పోయేది చాలావరకు ఈ జామాయిల్‌ గుజ్జే.

రైలు పట్టాల కోసం వచ్చిన చెట్టు

జామాయిల్‌ బ్రెజిల్‌ సొంత చెట్టు కాదు. దాని పుట్టిల్లు ఆస్ట్రేలియా. ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో సావో పాలో రాష్ట్రంలో ఒక రైల్వే సంస్థకు ఇంజిన్లలోకి కట్టెలు, పట్టాల కిందికి దుంగలు కావలసి వచ్చాయి. ఆ సంస్థలో పనిచేసిన వ్యవసాయ శాస్త్రవేత్త ఎడ్ముండో నవారో ది ఆంద్రాది జామాయిల్‌ రకాలను తెప్పించి, పెంచి, ఏది ఎక్కడ బాగా ఎదుగుతుందో పరీక్షించారు. అలా రైలు కోసం వేసిన చెట్టు తర్వాత కాగితానికి పనికొచ్చింది. 1950వ దశకంలో సుజానో సంస్థ జామాయిల్‌ గుజ్జుపై ప్రయోగాలు చేసింది. అప్పటివరకు మంచి కాగితానికి పైన్‌ గుజ్జే గతి అన్న నమ్మకం ఉండేది.

1966లో బ్రెజిల్‌ ప్రభుత్వం చెట్ల పెంపకానికి పన్ను రాయితీలు ప్రకటించింది. కంపెనీలు లక్షల హెక్టార్లలో తోటలు వేశాయి. 1978లో ఎస్పిరిటో సాంటో రాష్ట్రంలో ఆరాక్రుజ్‌ మిల్లు గుజ్జు తయారీ మొదలుపెట్టింది. అక్కడి శాస్త్రవేత్తలు బాగా ఎదిగిన, తెగులు సోకని చెట్లను ఎంచి, వాటి కొమ్మ ముక్కలకు వేళ్లు తెప్పించి నాటారు. తల్లి చెట్టు గుణాలన్నీ పిల్ల మొక్కకు వచ్చాయి. తోటలోని చెట్లన్నీ ఒకే ఎత్తున, ఒకే లావున ఎదిగాయి. ఈ క్లోన్‌ పద్ధతికి 1984లో అటవీ రంగంలో ప్రతిష్ఠాత్మకమైన మార్కస్‌ వాలెన్‌బర్గ్‌ బహుమతి దక్కింది.

ఫిన్లాండ్‌, స్వీడన్‌లలో పైన్‌ చెట్టు కోతకు రావాలంటే అరవై నుంచి ఎనభై ఏళ్లు పడుతుంది. అంటే తాత నాటితే మనుమడు నరకాలి. బ్రెజిల్‌లో జామాయిల్‌ ఆరేడేళ్లకే కోతకు వస్తుంది. ఎండ, వాన, విశాలమైన భూమి, మేలైన మొక్క కలిసి టన్ను గుజ్జును అతి తక్కువ ఖర్చుతో తీసే దేశాల్లో బ్రెజిల్‌ను ముందు నిలిపాయి. నేడు అక్కడ 75 లక్షల హెక్టార్లకు పైగా జామాయిల్‌ తోటలున్నాయి. ఆరాక్రుజ్‌, వోటోరాంటిమ్‌ గుజ్జు వ్యాపారాలు కలిసి 2009లో ఫిబ్రియాగా ఏర్పడ్డాయి. 2019లో ఫిబ్రియా సుజానోలో కలిసిపోయింది. అలా ప్రపంచంలోనే అతిపెద్ద గుజ్జు అమ్మకపు సంస్థ అవతరించింది.

చైనాకు ఎందుకు కొరత?

కాగితానికి పుట్టిల్లు చైనాయే. అయినా ఆ దేశంలో తలసరి అటవీ విస్తీర్ణం ప్రపంచ సగటు కంటే బాగా తక్కువ. చాలాకాలం అక్కడి చిన్న మిల్లులు గడ్డి, రెల్లు, వెదురు ఉడికించి కాగితం చేసేవి. వాటి మురుగు నదుల్లో కలిసేది. హువాయ్‌ నది కాలుష్యం భరించలేని స్థాయికి చేరడంతో 1996లో ఆ నదీ పరీవాహకంలోని చిన్న మిల్లులను పెద్దసంఖ్యలో మూయించారు. 1998లో యాంగ్జీ నదికి వచ్చిన పెనువరద మరో పాఠం నేర్పింది. కొండల మీద చెట్లు కొట్టేయడం వల్లే వరద తీవ్రత పెరిగిందని భావించిన ప్రభుత్వం సహజ అడవుల నరికివేతపై కఠిన ఆంక్షలు విధించింది.

గడ్డి పోయింది. అడవి అందకుండా పోయింది. ఇక మిగిలింది చిత్తుకాగితం. అమెరికా, ఐరోపాలు వాడి పారేసిన కాగితాన్ని చైనా ఏళ్ల తరబడి ఓడల్లో తెచ్చుకుంది. ఆ చెత్తతో పాటు మురికీ దిగుమతి అవుతోందంటూ 2017లో ఆంక్షలు ప్రకటించింది. 2021 జనవరి 1 నుంచి ఘన వ్యర్థాల దిగుమతిని పూర్తిగా నిలిపివేసింది. మరోవైపు పట్టణాలు పెరిగాయి, టిష్యూ కాగితం వాడకం పెరిగింది. అధునాతన యంత్రాలున్నాయి, కొనే జనం ఉన్నారు, లేనిదల్లా పీచే. ఆ లోటును పూడ్చడంలో బ్రెజిల్‌ గుజ్జుదే పెద్దపీట.

పోయేది గుజ్జు.. వచ్చేది కార్లు

బ్రెజిల్‌లో గుజ్జు ఎగుమతికి సాంటోస్‌ రేవు ప్రధాన కేంద్రం. ఎస్పిరిటో సాంటోలోని పోర్టోసెల్‌ రేవునైతే ప్రత్యేకించి గుజ్జు కోసమే కట్టారు. బేళ్లను కట్టలుగా పేర్చి ఓడకెత్తుతారు. తడి తగిలినా, దుమ్ము పడినా సరకు చెడుతుంది కాబట్టి ఇందుకు ప్రత్యేకమైన ఓడలున్నాయి. చైనా ప్రభుత్వరంగ నౌకా సంస్థ కోస్కో ఇలాంటి ఓడలను వరుసగా నిర్మించుకుంది. నెల రోజులకు పైగా సాగే ఈ ప్రయాణంలో ఓడ ఒకవైపు ఖాళీగా పోతే కిరాయి గిట్టుబాటు కాదు. అందుకే చైనా నుంచి బయలుదేరేటప్పుడు అవే ఓడల్లో మడత చట్రాలు అమర్చి కార్లను ఎక్కిస్తున్నారు. వెళ్లేటప్పుడు కార్లు, వచ్చేటప్పుడు గుజ్జు.

రెండు దేశాల మధ్య లావాదేవీల తీరంతా ఈ ఓడల్లోనే కనిపిస్తుంది. బ్రెజిల్‌ పంపేది భూమి మీద పండిన సరకు. చైనా పంపేది యంత్రం మీద తయారైన సరకు. సోయా, ఇనుప ఖనిజం, ముడి చమురు విషయంలోనూ ఇదే వరస.

మరి ఆ కాగితమేదో బ్రెజిల్‌లోనే చేసి అమ్మవచ్చు కదా అన్న ప్రశ్న సహజం. గుజ్జు బేళ్లు గట్టిగా అణగి ఉంటాయి, ఓడలో తక్కువ చోటు పడతాయి. టిష్యూ కాగితం చుట్టలు అలా కాదు. వాటిని ఓడకెత్తితే గాలిని మోసుకెళ్లినట్లే. కొనేవారి అభిరుచి, కొలతలు, గిరాకీ నెలనెలా మారుతుంటాయి కాబట్టి కాగితపు యంత్రం వాడకందారులకు దగ్గరగా ఉండటమే మేలు. ఫలితంగా చెట్టు, భూమి, నీరు బ్రెజిల్‌వి కాగా చివరి సరకు మీద వచ్చే అదనపు విలువ చైనా మిల్లులకు పోతోంది.

ధర ఎవరి చేతిలో?

అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. గుజ్జు వ్యాపారంలో పెద్ద కంపెనీలు ఏ నెలకా నెల చైనాకు ధర ప్రకటిస్తాయి. చైనా మిల్లులు బేరమాడతాయి. గోదాముల్లో నిల్వ ఉంటే కొనుగోలు తగ్గించి వేచి చూస్తాయి, నిల్వ తరిగితే ఎగబడి కొంటాయి. దీనికి తోడు 2018 నవంబరు 27 నుంచి షాంఘై ఎక్స్ఛేంజిలో గుజ్జుకు ముందస్తు వ్యాపారం కూడా మొదలైంది. అక్కడ పేరుకు పొడుగు పీచు గుజ్జే అయినా, ఆ తెరమీద కదిలే అంకె చూసి మిగతా రకాల బేరమూ నడుస్తోంది.

ఈ ఊగిసలాట ఎంతటిదో ఇటీవలి ఏళ్లను చూస్తే తెలుస్తుంది.

* 2022 చివర్లో చైనాలో జామాయిల్‌ గుజ్జు టన్ను 860 డాలర్ల దరిదాపుల్లో ఉంది.
* 2023 మధ్యనాటికి అది 500 డాలర్ల లోపునకు జారింది.
* 2024 మధ్యలో మళ్లీ 700 డాలర్లు దాటింది. ఏడాది చివరకు 550 డాలర్ల స్థాయికి దిగింది.
* 2025లో మరింత తగ్గి 500 డాలర్ల చుట్టూ తిరిగింది. ఆ ఏడాది ఆగస్టులో సుజానో సంస్థ రానున్న ఏడాదికి తన ఉత్పత్తిలో సుమారు 3.5 శాతం కోత పెడతామని ప్రకటించింది.

2022 నాటి ధర చూసి మొక్క నాటినవాడు 2029లో గానీ చెట్టు నరకడు. మిల్లు కట్టేవాడి పరిస్థితీ అంతే. మాటో గ్రాసో దో సుల్‌ రాష్ట్రంలోని రిబాస్‌ దో రియో పార్దో వద్ద సుజానో సంస్థ ఏటా 25.5 లక్షల టన్నుల సామర్థ్యంతో కట్టిన మిల్లు 2024 జులైలో ప్రారంభమైంది. దానికైన ఖర్చు 2,200 కోట్ల బ్రెజిల్‌ రియాల్‌లకు పైమాటే. అదే రాష్ట్రంలో ఇనోసెన్సియా వద్ద చిలీకి చెందిన అరౌకో సంస్థ ఏటా 35 లక్షల టన్నుల మిల్లు నిర్మాణం చేపట్టింది. 2027 చివరికల్లా ప్రారంభించాలన్నది లక్ష్యం. చెట్టుది ఏడేళ్ల లెక్క, మిల్లుది పాతికేళ్ల లెక్క, ధరది మాత్రం నెల లెక్క. ఈ మూడు లెక్కలూ పొసగని చోట నష్టం ఎవరో ఒకరి నెత్తిన పడక తప్పదు.

పచ్చని ఎడారి

బ్రెజిల్‌లో ఈ తోటలను ‘పచ్చని ఎడారి’ అని విమర్శించేవారున్నారు. కనుచూపు మేర ఒకే చెట్టు ఉంటుందని, పక్షికి గూడు, పేదకు కూడు దొరకవని, వాగులు ఎండుతున్నాయని వారి వాదన. 2006 మార్చి 8న మహిళా దినోత్సవం నాడు రియో గ్రాండే దో సుల్‌ రాష్ట్రంలోని బారా దో రిబేరోలో గ్రామీణ మహిళలు పెద్దసంఖ్యలో ఆరాక్రుజ్‌ నర్సరీలోకి చొరబడి మొక్కలను ధ్వంసం చేశారు. ఎస్పిరిటో సాంటోలో తుపినికిమ్‌, గ్వారానీ ఆదివాసులు తమ భూముల కోసం దశాబ్దాల పాటు పోరాడారు. కంపెనీ ఆధీనంలో ఉన్న సుమారు 11 వేల హెక్టార్లు ఆదివాసులవేనని 2007లో బ్రెజిల్‌ న్యాయశాఖ ప్రకటించింది.

కంపెనీల వాదన మరోలా ఉంది. తోటల్లో చాలావరకు పశువులు మేసి పాడైన బీళ్లలోనే వేశామని, సహజ అడవిని నరకడం లేదని అవి చెబుతున్నాయి. అక్కడి 2012 నాటి అటవీ చట్టం ప్రకారం ప్రతి భూస్వామీ తన భూమిలో కొంత భాగాన్ని సహజ వృక్షాలతో అలాగే ఉంచాలి. అమెజాన్‌ అడవి ప్రాంతంలో ఇది 80 శాతం. అమెజాన్‌ పాలనా ప్రాంతానికి వెలుపల 20 శాతం. మరోవంక 2024 మే నెలలో తెచ్చిన చట్టం చెట్ల పెంపకాన్ని కాలుష్య కారక కార్యకలాపాల జాబితా నుంచి తొలగించింది. దీన్ని కంపెనీలు స్వాగతించగా పర్యావరణవేత్తలు తప్పుపట్టారు.

ఉపాధి సంగతీ అంతే. రిబాస్‌ దో రియో పార్దో జనాభా ఇరవై వేల పైచిలుకు. మిల్లు నిర్మాణం ముమ్మరంగా సాగిన రోజుల్లో పదివేల మందికి పైగా కార్మికులు అక్కడికి వచ్చారు. చిన్న పట్టణానికి ఒక్కసారిగా కళ వచ్చింది, దాంతో పాటు ఇళ్లు, ఆసుపత్రి, బడుల మీద ఒత్తిడీ వచ్చింది. కట్టడం పూర్తయ్యాక మిల్లు నడిపేందుకు అంతమంది అక్కరలేదు.

కొనేవాడు మారుతున్నాడు

చైనా కూడా ఒక్కరి మీదే ఆధారపడాలనుకోవడం లేదు. 2014 ఏప్రిల్‌లోనే, బట్టల నూలుకు వాడే ప్రత్యేక రకం గుజ్జును అమెరికా, కెనడా, బ్రెజిల్‌ కారుచౌకగా దించుతున్నాయంటూ అదనపు సుంకం వేసింది. ఇటీవలి ఏళ్లలో గ్వాంగ్సీ, ఫుజియన్‌ వంటి ప్రాంతాల్లో సొంత గుజ్జు మిల్లులను భారీగా కడుతోంది. వాటికి కావలసిన కలప ముక్కలను వియత్నాం వంటి పొరుగు దేశాల నుంచి తెచ్చుకుంటోంది. గుజ్జు కొనడానికి బదులు కలప ముక్కలు కొని, గుజ్జు తానే చేసుకుంటే మరికొంత విలువ తన వద్దే మిగులుతుందన్నది లెక్క. ఒకే కొనుగోలుదారుపై అతిగా ఆధారపడిన బ్రెజిల్‌కు ఇది హెచ్చరికే.

మన తోట దాకా..

ఈ బేరంతో తెలుగు రైతుకు బంధుత్వం కొత్తది కాదు. ఆరాక్రుజ్‌లో ఫలించిన క్లోన్‌ పద్ధతినే 1980వ దశకం చివర్లో సారపాకలోని భద్రాచలం పేపర్‌ బోర్డ్స్‌ చేపట్టింది. అక్కడ తయారైన ‘భద్రాచలం క్లోన్లు’ ఉభయ రాష్ట్రాల్లోని మెట్ట భూములకు చేరాయి. ప్రకాశం, నెల్లూరు, కృష్ణా, ఖమ్మం తదితర ప్రాంతాల్లో నీటి వసతి లేని రైతులు, కూలీల కొరతతో విసిగిన రైతులు జామాయిల్‌, సుబాబుల్‌ వైపు మళ్లారు. సారపాక, రాజమహేంద్రవరం మిల్లులకు ఆ కర్రే ఆధారం. బ్రెజిల్‌లో తోటలు ఎక్కువగా కంపెనీలవి లేదా కంపెనీలు కౌలుకు తీసుకున్నవి. మన వద్ద చిన్న, సన్నకారు రైతులవి. ధర పడితే కంపెనీ కోత వాయిదా వేయగలదు. అప్పు తీర్చాల్సిన రైతుకు ఆ వెసులుబాటు లేదు.

అంతర్జాతీయ ధర మన దాకా మూడు దారుల్లో వస్తుంది. ఒకటి, విదేశీ గుజ్జు చౌకయితే దాన్ని కొనే మిల్లులు కాగితం ధర తగ్గిస్తాయి, స్థానిక కర్రతో నడిచే మిల్లులూ తగ్గించక తప్పదు. రెండు, చైనాలో, ఇండోనేసియాలో మిగిలిన కాగితం మన రేవులకు చేరుతుంది. ఆసియాన్‌ దేశాలతో ఉన్న ఒప్పందం వల్ల ఇండోనేసియా కాగితం సుంకం లేకుండానే వస్తోంది. మూడు, చైనా విధానం మారితే చిత్తుకాగితం దారి మారుతుంది. చైనా చిత్తుకాగితాన్ని వద్దన్నాక మన దేశంలోని కొన్ని మిల్లులు దాన్ని గుజ్జు చుట్టలుగా మార్చి చైనాకే పంపాయి. దాంతో 2020-21లో అట్టపెట్టెల కాగితం ధర పెరిగి చిన్న తయారీదారులు గగ్గోలు పెట్టారు.

దిగుమతి పోటీ ఎంత దూరం పోగలదో ములుగు జిల్లా మంగపేట మండలం కమలాపురం చెబుతుంది. రేయాన్‌ నూలుకు కావలసిన గుజ్జు తయారుచేసిన అక్కడి మిల్లులో 2014లో ఉత్పత్తి ఆగిపోయింది. కర్ర ఖర్చు పెరగడం, విదేశీ గుజ్జు తక్కువకు దొరకడంతో కొనేవారు వెనక్కి తగ్గారు. మిల్లును నమ్ముకున్న కార్మిక కుటుంబాలు చెట్టుకొకరు పుట్టకొకరయ్యాయి. అదే ఏడాది సిర్పూర్‌ కాగజ్‌నగర్‌ మిల్లూ మూతపడింది. కొత్త యాజమాన్యం చేతికి వచ్చి 2018లో తిరిగి ఊపిరి పోసుకుంది. కమలాపురానికి ఆ భాగ్యం దక్కలేదు.

రైతు చేయగలిగేది..

బ్రెజిల్‌ ధరను మన రైతు ఆపలేడు. చైనా గోదాములో నిల్వ ఎంతో చూడలేడు. అయినా కొన్ని జాగ్రత్తలు ఆయన చేతిలో ఉన్నాయి. ఉన్న పొలమంతా ఒకేసారి నాటకుండా ఏడాదికి కొంత చొప్పున నాటితే కోత ఒకే ధరకు చిక్కదు. మిల్లుతో ఒప్పందం చేసుకునేటప్పుడు కనీస ధర, చెల్లింపు గడువు కాగితం మీద రాయించుకోవాలి. జామాయిల్‌, సుబాబుల్‌ మోళ్ల నుంచి మళ్లీ చిగురు వస్తుంది కాబట్టి ధర బాగాలేదని తొందరపడి వేళ్లతో పెకలించక ముందు తర్వాతి కోత లెక్క వేసుకోవాలి. గుంపుగా అమ్ముకుంటే రవాణా, కాటా, దళారీ ఖర్చుల్లో కొంత కలిసొస్తుంది.

ప్రభుత్వాల పనీ ఉంది. దిగుమతి సుంకాలు మార్చేటప్పుడు మిల్లుల మాట వింటున్నారు, పుస్తకాల ముద్రాపకుల మాట వింటున్నారు. కర్ర పండించే మెట్ట రైతు మాట కూడా ఆ బల్ల దగ్గర వినిపించాలి. అంతదాకా సాంటోస్‌ రేవులో ఓడ కదిలితే ఒంగోలు దారిలోని కాటా దగ్గర ముల్లు వణుకుతూనే ఉంటుంది.